ఐదో క్లచ్ కేబులు

మొన్న ఆదివారం కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే బంధువుల గ్రూపులో ఒక ఫొటో కనిపించింది. మా షడ్డకుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని పాత మోటారుసైకిలు మీద కూర్చొని ఉన్నాడు. రెండు సైలెన్సర్ల బండి, నల్ల రంగు, ట్యాంకు మీద బంగారు గీత. పాత బండ్లను వరసగా నిలబెట్టి జనానికి చూపించే వేడుక ఏదో బీచి రోడ్డులో జరిగిందట. ఫొటో కింద వాళ్ళబ్బాయి రాశాడు: "తాత తన చేతులతో పన్నెండు వోల్టులకు మార్చిన బండి. ఇన్నేళ్ళయినా ఒక్క వైరు కదలలేదు." దాని కింద వరసగా దండాలు, చప్పట్లు. నా సొంత కూతురు ఒక ఎర్ర గుండె కూడా పెట్టింది. కాఫీ చల్లారిపోయింది. కదలకుండా ఉన్న ఆ వైరు అక్కడికి ఎట్లా వచ్చిందో ఆ గ్రూపులో ఒక్కరూ అడగలేదు. నేను చెప్పబోతే మా ఇంట్లో వాళ్ళు టీవీ సౌండు పెంచుతారు. అందుకని మీకు చెబుతున్నాను.

మా వాళ్ళు ఎన్ని తరాల కిందట ఈ ఊరికి వచ్చారో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం, కోపం వస్తే రెండూ. మా మామ పెరంబూరులో రైలు పెట్టెల కార్ఖానాలో మేస్త్రీ. పెట్టెల్లో లైట్లకూ ఫ్యాన్లకూ వైర్లు లాగే విభాగం ఆయనది. పొట్టి మనిషి, తెల్ల మీసం, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. ఇతరులు పెన్ను పెట్టుకునే జేబులో ఆయన టెస్టుల్యాంపు పెట్టుకునేవాడు. ఎవరింటికి పోయినా మంచినీళ్ళు తాగే ముందు స్విచ్చిబోర్డు వైపు ఒకసారి చూసేవాడు. నా పెళ్ళిలో, సరిగ్గా అక్షింతలు వేయాల్సిన సమయానికి మైకు గుయ్యిమని మోగితే, నన్నూ తన కూతురినీ పీటల మీద వదిలేసి మైకుసెట్టు దగ్గరికి పోయాడు. పురోహితుడు మంత్రం ఆపి కూర్చున్నాడు. మామ తిరిగొచ్చి పంచెకు చేతులు తుడుచుకొని, "జాయింటు లూజు" అని మాత్రం చెప్పి, చేతికి దొరికిన నాలుగు గింజలు నా భుజం మీద చల్లాడు. తలమీద పడలేదు. నేను మరవలేదు.

ఆ రోజుల్లో, ఊరి పేరు మారడానికి ఒకటి రెండేళ్ళ ముందు, నేను ఒక హోల్‌సేలు అంగట్లో పనిచేసేవాణ్ణి. గుండీలు, జిప్పులు, హుక్కులు, దారాలు. పురసవాక్కం సందుల్లోని టైలరు షాపుల నుంచి తొండియార్‌పేట దాకా లైను నాది. పొద్దున ఆర్డర్లు రాసుకోవడం, సాయంత్రం లోపల సరుకు వేసి రావడం. లైనుకు పోయేవాడు నాలుగు వీధులు చూస్తాడు, పదిమందితో మాట్లాడతాడు, టీ తాగుతాడు, తన టైము తన చేతిలో ఉంటుంది. మా ఓనరుకు ఒకటే నియమం: బండి ఉన్నవాడికి లైను, లేనివాడికి కౌంటరు వెనక స్టూలు. స్టూలు మీద కూర్చున్నవాళ్ళను నేను చూశాను. నాలుగేళ్ళలో వాళ్ళ ముఖాలు గుండీల డబ్బాల రంగులోకి మారిపోయేవి.

నాకున్న బండి మామది. డెబ్బైల్లో కొన్నాడు. మోకాళ్ళు సహకరించక కిక్కు కొట్టలేని స్థితికి వచ్చాక నాకు ఇచ్చాడు. ఇచ్చాడు అంటే వాడుకోమన్నాడు. ఆర్‌సీ పుస్తకం మాత్రం ఆయన పెట్టెలో, ఆయన పంచెల కింద, ఆయన పేరు మీదే ఉండేది. మా షడ్డకుడికి కూడా ఆ బండి మీద కన్నుంది. వాడికి బ్యాంకులో ఉద్యోగం, ఇంటి ముందరే బస్సు స్టాపు. అయినా ప్రతి ఆదివారం వచ్చి ట్యాంకు మీద చెయ్యి వేసి నిమిరేవాడు, దూడను నిమిరినట్టు.

బండిలో ఉన్న లోపం ఒకటే. అది ఆరు వోల్టుల కాలపు బండి. హెడ్‌లైటు వెలుగుతోందో లేదో తెలియాలంటే దిగి ముందుకు పోయి చూడాలి. హారను జలుబు చేసిన పిల్లిలాగా మూలిగేది. ఇండికేటరు వేస్తే హెడ్‌లైటు తగ్గేది, బ్రేకు తొక్కితే ఇండికేటరు ఆగేది, అన్నీ ఒకేసారి కావాలంటే బ్యాటరీ చేతులెత్తేసేది. తొండియార్‌పేట దిక్కు హార్బరు లారీల మధ్య చీకటి పడేవేళ ఆ బండి మీద పోవడమంటే, నేనిక్కడున్నానని గొంతు చించుకొని అరుస్తూ పోవడమే. అందుకని మామతో అన్నాను. పన్నెండు వోల్టులకు మారుద్దాం, పాత డైనమో తీసి కొత్త ఆల్టర్నేటరు, కొత్త బ్యాటరీ, కొత్త బల్బులు వేద్దాం, నాకు తెలిసిన మెకానిక్ ఒకడున్నాడు అని. నేను చేసిన మొదటి పొరపాటు ఆ చివరి ముక్క.

"మెకానిక్కా?" అన్నాడు మామ. తింటున్న దోసె పక్కన పెట్టేశాడు. "పెట్టెపెట్టెకి వైరు లాగినోణ్ణి ఇంట్లో పెట్టుకొని, రోడ్డు మీద కూర్చొని పంక్చరేసేవోడి దగ్గరికి పోతావా అల్లుడా? ఊరంతా నవ్వదా?"

ఆయన పదిరోజులు సెలవు పెట్టాడు. ఆయుధపూజ దగ్గరికొస్తోంది. పనిలో పనిగా చట్రానికి రంగు కూడా వేద్దామని బండినంతా విప్పేశాడు. ఇంటి ముందర గోనెపట్టాల మీద బండి ఎముకల్లాగా పరిచి ఉండేది. పక్క బెంచీలో పనిచేసే అరవ మేస్త్రీ, మామకు ప్రాణస్నేహితుడు, సాయంత్రం షిఫ్టు దిగి వచ్చి స్టూలు వేసుకొని చూసేవాడు. చట్రానికి మూడు కోట్లు నల్ల రంగు, బ్రషుతో, ఎంత దట్టంగా అంటే గోటితో గీరినా ఇనుము కనపడనంతగా. ఇంజను బోల్టులకు కొత్త రబ్బరు బుష్షులు, వాటి మీద కూడా రంగే. హ్యాండిల్ బేరింగుల్లో తిరునాళ్ళలో పంచినట్టు గ్రీజు. మామ చేతిపని చూడముచ్చటగా ఉండేది, ఆ సంగతి కాదనను. వైర్లన్నీ వరసపెట్టి, అంగుళానికొక దారపు ముడి వేసి, ఎవరైనా మ్యూజియంలో పెట్టుకునేలా కట్టాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, లేకపోతే నా బాధ మీకు అర్థం కాదు. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు పని చేసి మళ్ళీ బ్యాటరీకే తిరిగి రావాలి. మోటారుసైకిళ్ళలో పోయేదారి వైరు, తిరిగొచ్చే దారి బండి ఇనుమే. బ్యాటరీ రెండో కొసను ఒక లావుపాటి పట్టీతో చట్రానికి బిగిస్తారు. దాన్ని ఎర్తు అంటారు. రైలుపెట్టెల్లో మామ లాగే లైట్ల పని పూర్తిగా వేరు. అక్కడ పోయేదానికి ఒక వైరు, వచ్చేదానికి ఒక వైరు. పెట్టె ఇనుమును ఏదీ తాకకూడదు. తాకితే అది తప్పు కింద లెక్క. ఆ తప్పును పట్టుకోవడానికే మామ జేబులో టెస్టుల్యాంపు ఉండేది. ముప్పై ఏళ్ళు అదే వెతికిన మనిషికి, మా బండిలో బ్యాటరీ నుంచి చట్రానికి పోయే పట్టీ కనపడితే ఏమనిపిస్తుంది?

"ఇదో చూడు ఈ దరిద్రం," అని దాన్ని విప్పి మేస్త్రీకి చూపించాడు. "బాడీకే కొట్టినాడు వైరు. బాడీలో కరెంటు పారితే దాన్ని లీకు అంటారు. లీకుండే పెట్టెను నేను గేటు దాటనియ్యను."

"మామా, బండ్లకు అట్లనే ఉంటుంది గదా," అన్నాను.

"గుండీలమ్మేవోడివి గుండీల సంగతి చెప్పు, వింటా," అన్నాడు. మేస్త్రీ నవ్వాడు. షడ్డకుడు కూడా నవ్వాడు, వాడు నోరు మూసుకొని ముక్కుతో నవ్వే రకం. ఎర్తు పట్టీ చెత్తబుట్టలో పడింది. ప్రతి బల్బుకూ రెండు వైర్లు, హారనుకు రెండు వైర్లు, అన్నీ నేరుగా బ్యాటరీకి. ఆయుధపూజ నాడు గంధం, కుంకుమ, చామంతి దండ వేసి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండి కదిలిస్తే హెడ్‌లైటు వీధి చివరి గోడ మీద పడింది. హారను కొడితే పక్కింటి కుక్క లేచి పోయింది. అందరూ మామకు చేతులు కలిపారు. నేను కూడా కలిపాను. సంతోషంగానే కలిపాను, అప్పటికి.

మూడో వారం క్లచ్ కేబులు తెగింది. పాతది, తెగుతుంది, కొత్తది వేశాను. కొత్తది ఇరవై రోజులకు తెగింది. ఆ తరవాతది పదిహేను రోజులకు. నాలుగోది మంచి కంపెనీదని ఎంచి తెచ్చి వేస్తే పన్నెండు రోజులు కూడా రాలేదు. తెగిన ప్రతిసారీ ఇంకొక వింత జరిగేది. కేబులు తెగితే క్లచ్ పనిచేయదు, అంతే. ఇంజను మాత్రం ఆడుతూనే ఉండాలి. నా బండిలో కేబులు టప్పుమన్న క్షణమే ఇంజను చచ్చిపోయేది, ఎవరో గొంతు నులిమినట్టు. ఆ సంగతి ఇంట్లో చెప్పాను. నేను చెప్పిన ఆ ఒక్క ముక్కలోనే రోగం మొత్తం ఉంది. ఎవరైనా అరనిమిషం ఆలోచించి ఉంటే సరిపోయేది.

"భయపడి గేరులోనే ఆపేసుంటాడు," అన్నాడు మామ, నాతో కాదు, మా ఆవిడతో, నేను గోడనో గుంజనో అయినట్టు. షడ్డకుడు మెత్తగా అందుకున్నాడు. వాడి గొంతు బ్యాంకు కౌంటరులో "రేపు రండి" అని చెప్పే గొంతు. "అన్నకి క్లచ్ మీద చెయ్యి కొంచెం ఎక్కువ మామా. సిటీలో నడిపేవాళ్ళకి ఆ అలవాటు వచ్చేస్తుంది, పాపం." ఆ "పాపం" ఉంది చూశారా, అది ఇప్పటికీ నాకు అన్నంలో రాయిలాగా తగులుతుంది. మా అత్త వంటింట్లో నుంచి, "చెయ్యి బరువు మనిషి. గ్లాసులు కూడా అట్లే పగలగొడతాడు," అంది. నేను ఆ ఇంట్లో ఒక గ్లాసు పగలగొట్టాను. ఒక్కటి. నా పెళ్ళయిన వారానికి.

ఆ ఆదివారమే మామ తీర్పు చెప్పాడు. అరుగు మీద అందరూ ఉన్నారు, అరవ మేస్త్రీ కూడా. "ఇదో అల్లుడా, నా చేత్తో చేసిన బండి ఇట్ల రోడ్డు రోడ్డున నిలబడేది నేను చూడలేను. ఇంకొక్క కేబులు తెగిందంటే బండి చిన్నోడికి ఇచ్చేస్తా. మాటంటే మాట." షడ్డకుడు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ ఊపుడు నేను చూశాను. బస్సును ఆపమని ఊపే చెయ్యి అది.

ఐదో కేబులు పురసవాక్కంలో, చీరల అంగళ్ళ రద్దీ మధ్యలో తెగింది. టప్పుమంది, ఇంజను ఆగింది, వెనక ఆటోవాళ్ళు నా వంశాన్ని తలచుకున్నారు. వెయ్యేసి గుండీలుండే డబ్బాల సంచితో సహా బండిని తోసుకుంటూ ఒక సందులో కేబుళ్ళు అమ్మే చిన్న అంగడికి పోయాను. అంగడి ముసలాయన తొండియార్‌పేట మనిషి, మన తెలుగే. నేను తెగిన ముక్క ముందర పడేసి, ఇన్నాళ్ళ కోపమంతా ఆయన మీద కక్కాను. అమ్మేవి చెత్త కేబుళ్ళని, పదిరోజులు నిలవడం లేదని, అన్నీ. ఆయన కళ్ళజోడు తుడుచుకొని, ముక్కను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"అన్నా, కోపపడకు," అన్నాడు. "ఇది తెగింది కాదు, కాలింది. ఈడ చూడు, పోగు పోగుకీ కొసన చిన్న గుండు కట్టింది. వెల్డింగు పెట్టినట్టు. అరిగి తెగితే కొస చీపురులాగా ఉంటుంది. నీ కేబులులో కరెంటు పారతా ఉంది."

ఆయన మాట ముగిసేలోపల నాకు అంతా కనిపించింది. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే కరెంటు ఇంజను ఇనుములో దిగి ఆగిపోతుంది. దానికి బ్యాటరీకి తిరిగిపోయే దారి కావాలి. ఆ దారిని మామ చెత్తబుట్టలో వేశాడు. ఇంజనుకూ చట్రానికీ మధ్య రబ్బరూ మూడు కోట్ల రంగూ, చట్రానికీ హ్యాండిల్‌కూ మధ్య గ్రీజు. ఇక మిగిలిన ఇనుము ఒకటే. ఇంజను నుంచి హ్యాండిల్ దాకా పోయే క్లచ్ కేబులు. అక్కడి నుంచి హెడ్‌లైటు డబ్బాలో ఎక్కడో తాకుతున్న వైరు పట్టుకొని బ్యాటరీకి. ఇంజను ఆడినంతసేపూ ఆ కరెంటంతా ఆ సన్నటి పోగుల గుండా పోతోంది. అందుకే కాలుతోంది. అందుకే అది తెగగానే ఇంజను చస్తోంది. నా చెయ్యి బరువూ లేదు, నా భయమూ లేదు.

ఇంటికి కొత్త కేబులు బిగించుకొనే పోయాను. మా ఆవిడకు చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది. విని, "మంచిదైంది. ఒక వైరు ముక్క తెచ్చి మీరే బిగించేయండి. ఐదోది తెగినట్టు ఎవరికీ తెలియదు గదా. మళ్ళీ తెగదు. బండి మనకే ఉంటుంది," అంది.

"అందరికీ తెలియాలి," అన్నాను.

"తెలిస్తే ఏమొస్తుంది?"

"నా తప్పు కాదని తెలుస్తుంది."

ఆమె చేట పక్కన పెట్టి నా వైపు చూసింది. "మీకు బండి కావాలా, మా నాయన ఓడిపోవాలా? ఒకటి చెప్పండి," అంది. నేను రెండూ అన్నాను.

ఆదివారం ఉదయం పదింటికి పోయాను. అరుగు మీద మామ, మేస్త్రీ, షడ్డకుడు, తలుపు దగ్గర అత్త, ఆమె వెనక మా ఆవిడా, చెల్లెలూ. బండిని స్టాండు వేసి, కిక్కు కొట్టి, న్యూట్రల్‌లో పెట్టాను. ఇంజను చక్కగా ఆడుతోంది. "చూడండి," అని చెప్పి, హ్యాండిల్ దగ్గర క్లచ్ కేబులు కొసను లీవరు నుంచి ఊడదీశాను. ఇంజను ఆగిపోయింది. మళ్ళీ తగిలించి కిక్కు కొట్టాను, ఆడింది. ఊడదీశాను, ఆగింది. మూడోసారి చేయబోతుంటే మామ లేచి దగ్గరికి వచ్చాడు. వేరే ఏదో చేస్తున్నానేమోనని నా రెండు చేతులూ చూశాడు. తనే ఊడదీశాడు. ఆగింది. తనే తగిలించాడు. అప్పుడు ఆయన ముఖం ఎట్లా మారిందో నేను చూడలేదు, నేను షడ్డకుడి ముఖం చూస్తున్నాను. అదొక పొరపాటు.

అప్పుడు జేబులో నుంచి నేను తెచ్చిన వైరు తీసి, ఒక కొస ఇంజను బోల్టుకూ ఇంకో కొస బ్యాటరీకీ చుట్టాను. క్లచ్ కేబులు పూర్తిగా ఊడదీసి పక్కన పెట్టి కిక్కు కొట్టాను. ఇంజను ఆడింది. ఆడుతూనే ఉంది. అరవ మేస్త్రీ మెల్లగా, "కరెక్టు దాన్ పా," అన్నాడు, కరెక్టేనబ్బా అని. ఆ ముగ్గురు మగవాళ్ళలో న్యాయం పలికిన నోరు అదొక్కటే, అదీ అరవంలో. నేను అక్కడితో ఆగి ఉండాల్సింది. నాకు చేతకాదు. ఇంకో జేబులో నుంచి ఐదో కేబులు ముక్క తీసి, కాలిన కొస పైకి పెట్టి మామ చేతిలో పెట్టాను. "గురువారం తెగింది. చూడు మామా, తెగింది కాదు, కాలింది," అన్నాను.

మామ ఆ కొసను చూశాడు. తరవాత వంగి నేను చుట్టిన వైరును రెండు వేళ్ళతో పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను ఎదురు చూశాను. పెళ్ళిపీటల మీద కూడా ఆ మనిషి కోసం నేను అంతసేపు ఎదురు చూడలేదు.

"వైరు సైజు చాలదు," అన్నాడు.

అంతే. లోపలికి పోయి రాగి జడలాగా అల్లిన లావుపాటి పట్టీ, గీరడానికి బ్లేడు, వ్యాసలీను డబ్బా తెచ్చాడు. చట్రం మీద తన రంగును తనే గీరి, తళతళమని ఇనుము కనపడేదాకా గీరి, ఇంజను నుంచి ఒకటి, చట్రం నుంచి ఒకటి, హ్యాండిల్ నుంచి ఒకటి, మూడు పట్టీలు తెచ్చి బ్యాటరీ దగ్గర కలిపి బిగించాడు. తుప్పు పట్టకుండా వ్యాసలీను రాశాడు. అరగంట పట్టింది. నేను మూడు జన్మలెత్తినా అంత శుభ్రంగా చేయలేను. టెస్టుల్యాంపు తీసి ఒక్కొక్క చోటా పెట్టి చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. చేతులు కడుక్కొని వచ్చి, లోపలి నుంచి ఆర్‌సీ పుస్తకం తెచ్చి, షడ్డకుడి చేతిలో పెట్టాడు.

"మామా," అన్నాను.

"ఐదోది తెగిందా లేదా?" అన్నాడు.

"తెగింది. కాని ఎందుకు తెగింది..."

"నేను ఎందుకని అడిగినానా? తెగితే చిన్నోడికి అన్నాను. నలుగురి ముందర అన్నాను. తెగిందని నువ్వే తెచ్చి చేతిలో పెట్టినావు." ఆయన ముఖం నా వైపు లేదు. "మాటంటే మాట."

నేను మేస్త్రీ వైపు చూశాను. ఆయన తన చెప్పులు వెతుక్కుంటున్నాడు. షడ్డకుడు, "వద్దు మామా, అన్నకి కష్టమైపోతుంది," అన్నాడు, తాళం చెవి వేలికి తొడుక్కుంటూ. నా భార్య అనాల్సింది బియ్యం ఏరుతూ ముందే అనేసింది. బండి వీధి చివర మలుపు తిరిగేదాకా ఆ చప్పుడు విన్నాను. ఒక్కసారి కూడా మూలగలేదు.

సోమవారం బస్సులో అంగడికి పోయి ఓనరుకు చెప్పాను. ఆయన మంచివాడే, రెండు వారాలు చూశాడు. బస్సు దిగి సందు సందుకూ సంచి మోసుకొని తిరిగేసరికి సగం షాపులు మూసేవి. మూడో వారం నా లైను ఇంకొకడికి ఇచ్చి, నాకు కౌంటరు వెనక స్టూలు చూపించాడు. ఆ స్టూలు మీద పదకొండేళ్ళు కూర్చున్నాను. తెల్ల గుండీలు, అరతెలుపు గుండీలు, నాలుగు రంధ్రాలవి, రెండు రంధ్రాలవి. అటు ప్రతి పెళ్ళిలో, ప్రతి సీమంతంలో ఎవరో ఒకరు అనేవారు: "బండి చిన్నల్లుడి చేతిలో పడ్డాక ఒక్క కేబులు తెగలేదు చూడు." నేను ఆకు ముందర నుంచి లేచి, ఎందుకు తెగలేదో మొదటి నుంచి చెప్పేవాణ్ణి. ఇంకా అదే పట్టుకున్నావా అనేవారు. పట్టుకున్నాను. ఎందుకు వదలాలి? వాళ్ళు వదిలారా?

మామ రిటైరైన తరవాత ఒక మధ్యాహ్నం మా అంగడికి వచ్చాడు. ఆ వైపు ఆయనకు పనేమీ లేదు. చొక్కా అదే ఇస్త్రీ, జేబులో మాత్రం టెస్టుల్యాంపు లేదు. కౌంటరు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ట్యూబులైటు మినుకుమంటుంటే దాని వైపు చూసి ఊరుకున్నాడు. "ఏంది మామా?" అన్నాను. "ఏం లేదు. సుమ్మా, ఊరికే వచ్చినా," అన్నాడు. తరవాత, "ఆ దినం నువ్వు కేబులు ఊడదీసినావు చూడు..." అని మొదలుపెట్టాడు. అప్పుడే ఒక టైలరు వచ్చి, జాకెట్టు హుక్కులు, పెద్దవి కావాలన్నాడు. పెద్దవి కింది అరలో ఉంటాయి. వంగి తీసి, పొట్లం కట్టి ఇచ్చి లేచేసరికి మామ మెట్లు దిగుతున్నాడు. నేను పిలవలేదు. పిలిచి ఉండొచ్చు. ఆయనే తిరిగొచ్చి చెప్పాలనుకున్నాను. ఇంకో ఏడాదికి పోయాడు. ఆ టైలరు తరవాత కూడా మా అంగడికి వచ్చేవాడు. వాడికి నేనెప్పుడూ నవ్వుతూ సరుకు ఇవ్వలేదు.

అరవ మేస్త్రీ మామకన్నా ముందే పోయాడు. అత్తకు చివరి రోజుల్లో నేనెవరో కూడా తెలిసేది కాదు, గ్లాసు సంగతి మాత్రం గుర్తుండేది. పురసవాక్కంలో కేబుళ్ళ అంగడి ఉన్న చోట ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నారు. మరదలికి తను ఆ రోజు అక్కడున్నట్టే జ్ఞాపకం లేదట. షడ్డకుణ్ణి నేను అడగను, ఆ బండి మీద కూర్చున్నది వాడే. నిన్న మా ఆవిడను నిలదీసి అడిగాను. నువ్వు తలుపు దగ్గరే ఉన్నావు, కళ్ళారా చూశావు, చెప్పు అన్నాను. "ఇంజను ఆగింది గుర్తుందండీ. ఎందుకాగిందో మీరు చెబుతుంటే విన్నదే గానీ, నా అంతట నాకేం తెలుసు," అంది. ఎన్నేళ్ళు పోయినా కాలం నాకు న్యాయం చెప్పలేదు. ఆ ఉదయం అరుగు మీద ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినే లేపి పంపించేసి, నా మాట నిజమని చెప్పే పని నా ఒక్కడికే మిగిల్చింది.